ఎడమ పక్క రాయాల్సిన పద్దు

బి.కాం. చదివినవాణ్ణి ఏమని పిలవాలో ఆ రోజుల్లో నరసరావుపేటలో ఎవరికీ తెలియదు. బి.ఏ. అయితే రేపో మాపో ప్లీడరవుతాడు. బి.కాం. అంటే మాత్రం "కామర్సా? అంటే బేరమేగా?" అనేవాళ్ళు. బేరం నేర్చుకోవడానికి కాలేజీ ఎందుకు, బజార్లో నాలుగు రోజులు కూర్చుంటే సరిపోదా అని నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. వాళ్ళ మాట పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను. నేను మొదట నేర్చుకున్న లెక్కలు బజారువే. కాలేజీలో నేర్చుకున్నవి వాటి మీద పడ్డాయి. ఆ రెండింటి మధ్య నలిగి నేను రాసిన ఒక్క పద్దు గురించే ఇదంతా.

మా నాన్న పత్తీ వేరుశెనగా కొనే దుకాణంలో గుమస్తా. వెల్దుర్తి దగ్గర మాకు మెట్ట చేను ఉండేది. వరసగా రెండు కరువులొచ్చి అది చేతులు మారాక ఆయన నరసరావుపేట చేరి కలం పట్టాడు. దుకాణంలో పరుపు మీద బాసింపట్టు వేసుకుని, ముందు ఏటవాలు పెట్టె పెట్టుకుని, పొద్దున్నుంచి దీపాల వేళ దాకా రాసేవాడు. ఆయన దగ్గర రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో ఆ రోజు ఎవరిచ్చారో, ఎవరికిచ్చామో వరసగా రాయాలి. ఆవర్జాలో మనిషికో పేజీ ఉంటుంది. చిట్టాలోని పద్దుల్ని ఎవరివి వాళ్ళ పేజీలోకి ఎత్తి రాయాలి.

ఆవర్జా పేజీని నిలువునా మధ్యకు మడిచేవాడు నాన్న. మడతకు ఎడమ పక్క జమ, అంటే ఆ మనిషి మనకిచ్చింది. కుడి పక్క ఖర్చు, అంటే మనం ఆ మనిషికిచ్చింది. ఏ పక్క ఏదో పేజీ మీద ఎక్కడా రాసి ఉండదు. రాస్తే బాగుంటుంది కదా అని చిన్నప్పుడు అడిగాను. "అన్నం ఏ చేత్తో తినాలో కంచం మీద రాసుకుంటామా ఏంది?" అన్నాడు.

ఆయనకు రెండు పట్టుదలలుండేవి. ఒకటి, పుస్తకంలో కొట్టివేత ఉండకూడదు. తప్పు రాస్తే, ఆ తప్పుకు విరుగుడుగా కింద ఇంకో పద్దు రాయాలి. మునసబు కోర్టులో ఆయన పుస్తకం సాక్ష్యానికి వెళ్ళినప్పుడల్లా నిలబడిందంటే కారణం అదే. రెండోది, ఎవరి పేజీలో ఏముందో ఆ మనిషి ఎదురుగా చదివి వినిపించాలి. రైతు వినకుండా ఆవులిస్తున్నా సరే, చదివేవాడు. నాకు అది ఉత్త చాదస్తంగా కనిపించేది.

యుద్ధం మూలాన సముద్రపు ఒడ్డున ఉండాల్సిన యూనివర్సిటీ గుంటూరికి తరలివచ్చిన రోజులవి. లేకపోతే నా చదువు ఇంటర్మీడియెట్‌తో ఆగేది. గుంటూరు కాబట్టి నాన్న ఎలాగో కాలేజీ జీతం కట్టగలిగాడు. తరగతి గది అంతకుముందు దేనికి వాడేవారో తెలియదు గాని, గోడలకు పెద్ద పెద్ద కొక్కేలుండేవి. మా లెక్కల లెక్చరరు అరవ దేశం నుంచి వచ్చినవాడు. మొదటి రోజే నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి, ఎడమ పక్క డెబిట్ అని, కుడి పక్క క్రెడిట్ అని రాశాడు. పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్. నాకు నవ్వొచ్చింది. ఇచ్చినవాడి పద్దు కుడి పక్కకు పోవడమేమిటి? మా నాన్న పుస్తకం తలకిందులై నిలబడ్డట్టుంది. రొక్కం పుస్తకం మాత్రం ఇద్దరిదీ ఒకటే, వచ్చింది ఎడమ, పోయింది కుడి. మనుషుల పేజీల దగ్గరికి వచ్చేసరికే అటుదిటు.

మొదటి పరీక్షలో నాకు సున్నా వచ్చింది. అంకెలన్నీ సరైనవే, పక్కలే తప్పు. లెక్చరరు నా కాగితం పైకెత్తి, "నువ్వు దీన్ని అద్దంలో చూసి రాశావా?" అని ఇంగ్లీషులో అడిగాడు. తరగతంతా నవ్వింది. గుమస్తా కొడుకులం ఆ తరగతిలో ముగ్గురం ఉన్నాం. ముగ్గురికీ సున్నాలే. ప్లీడర్ల కొడుకులకూ, లెక్కల పుస్తకం మొహం ఎరగనివాళ్ళకూ మంచి మార్కులొచ్చాయి.

ఆ సాయంత్రం నా కుడి మణికట్టుకు ఎర్ర దారం కట్టుకున్నాను. ఇచ్చినవాడు దారం పక్క. పుచ్చుకున్నవాడు దారం లేని పక్క. ఆరు నెలలు ఆ దారం చూసుకుంటూ రాశాను. అది మాసి, పీచై, ఒకరోజు స్నానం చేస్తుంటే ఊడిపోయింది. అప్పటికి దానితో పని తీరిపోయింది. నిద్రలో లేపి అడిగినా ఇచ్చినవాణ్ణి కుడి పక్కే రాసేవాణ్ణి. మొండితనం నాకు మా నాన్న నుంచే వచ్చింది. ఆయన నేర్పినదాన్ని మరిచిపోవడానికే దాన్ని వాడుకున్నాను.

ఆడిటింగ్ అని ఇంకో సబ్జెక్టు ఉండేది. కంపెనీ లెక్కలు తనిఖీ చేసిన ఆడిటరు రాసే నివేదికను వాటాదార్ల సభలో అందరి ఎదుటా చదివి వినిపించాలని చట్టం. ఎవరు వింటారండీ, టీ ఎప్పుడిస్తారా అని చూస్తుంటారు గాని, అని మాలో ఒకడన్నాడు. లెక్చరరు కూడా నవ్వాడు. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే నాలుగు వాక్యాలు రాసి ఊరుకున్నాను.

చదువయ్యాక ఏం చేయాలో మాకు స్పష్టంగానే తెలుసు. బ్యాంకు గుమస్తా కావచ్చు. కోఆపరేటివ్ ఇన్‌స్పెక్టరై ఊళ్ళ మీద తిరగొచ్చు. అమ్మకం పన్ను కొత్తగా వచ్చింది కాబట్టి ఆ ఆఫీసులో మనుషులు కావాలి. యుద్ధం పుణ్యమా అని మిలిటరీ లెక్కలు రాసేవాళ్ళకు గిరాకీ బాగా ఉండేది. నా పక్క బెంచీవాడు అందులో చేరి ఎక్కడో అస్సాం అడవుల్లో బూట్ల జతలు లెక్కపెట్టాడు. వీటన్నిటికీ పైన ఆడిటరు. బోర్డు మీద పేరు, గదినిండా పుస్తకాలు, షావుకార్లంతటి వాళ్ళు వచ్చి ఎదురుగా చేతులు నలుపుకుంటూ నిలబడటం. కాని ఆడిటరు కావాలంటే ముందు ఇంకో ఆడిటరు దగ్గర కొన్నేళ్ళు శిష్యరికం చేయాలి. అందుకు ఆయనకు మనమే పైకం కట్టాలి. మా దగ్గర అంత డబ్బు లేదు.

పరీక్షలు రాశాక గుంటూరులో ఒక ఆడిటరును వెళ్ళి కలిశాను. పొడుం పీల్చే పెద్దమనిషి. నా మాటలన్నీ విని, "బతికున్న దుకాణం లెక్కలు తీసుకుని ఆర్నెల్ల ట్రయల్ బ్యాలెన్సు నువ్వే తయారుచేసి పట్రా. కుదిరితే పైకం లేకుండా చేర్చుకుంటాను," అన్నాడు. ట్రయల్ బ్యాలెన్సు అంటే పుస్తకంలోని ఖాతాలన్నిటి నిల్వలనూ ఒక కాగితం మీదికి తెచ్చి రెండు పక్కలా కూడటం. రెండు మొత్తాలూ సమానం కావాలి. కాకపోతే ఎక్కడో తప్పున్నట్టు. నాన్న పుస్తకాల్లో అలాంటి పద్ధతి లేదు. ఆయన రోజూ రొక్కం సరిచూసుకునేవాడు, అంతే.

బతికున్న దుకాణం కోసం నేను వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. వైశాఖంలో నాన్నకు టైఫాయిడ్ వచ్చింది. సాయంత్రం చిట్టా రాసి, ఆవర్జాలోకి ఎత్తకుండానే వణుకుతూ ఇంటికొచ్చాడు. మర్నాటి నుంచి దుకాణం షావుకారు నన్ను కూర్చోమన్నాడు. కొడుకు బి.కాం. కదా, కలం పట్టలేడా అన్నది ఆయన లెక్క. నాన్న మంచం మీది నుంచి, "పాత పద్దుల కింద చూసుకుంటా రాసుకుపో," అని మాత్రం అన్నాడు.

నేనూ అలాగే చేశాను. నాన్న వదిలేసిన పద్దులు పాతిక దాకా ఉన్నాయి. ప్రతి పేజీలో ఆయన చేత్తో రాసినవి ముందే ఉన్నాయి కాబట్టి వాటి కిందే రాసుకుపోయాను. తప్పులు దొర్లలేదు. ఒక్కదానికి మాత్రం పాత పేజీ లేదు. మాచర్ల వైపు దుర్గి అనే ఊరి రాతిపనివాడొకాయన నూట ఎనభై రూపాయలు దుకాణంలో దాచమని ఇచ్చినట్టు చిట్టాలో ఉంది. ఆయనకు అంతవరకూ ఖాతా లేదు. కొత్త పేజీ తీశాను. మధ్యకు మడిచాను. తెల్లటి పేజీ మీద, ఇచ్చినవాడు కాబట్టి, కుడి పక్క రాశాను.

చిట్టాలో రొక్కం సరిపోయింది. ఆవర్జాలో మాత్రం నూట ఎనభై ఇచ్చిన మనిషి నూట ఎనభై తీసుకున్నవాడయ్యాడు. ఆ మనిషిని నేనెప్పుడూ సరిగా చూసింది లేదు. రోళ్ళూ తిరగళ్ళూ బండి మీద తెచ్చి అమ్ముకుని, దుకాణం అరుగు మీద కూర్చుని మా నాన్నను అన్నా అని పిలిచి మాట్లాడిపోయేవాడట.

నెల తిరక్కముందే మాచర్ల వైపు నుంచి వేరుశెనగ తెచ్చిన బండివాడు ఆ రాతిపనివాడు పోయాడని చెప్పాడు. నరసరావుపేట దగ్గర్లో ఒక గుడికి రెండు నెలలు విగ్రహాలు చెక్కి, ఇంటికి చేరేటప్పటికే చలిజ్వరంతో ఉన్నాడట. వారం బతకలేదు. నాన్నకు జ్వరం తిరగబెట్టి ఉంది. మంచంలో ఉన్నవాడికి చావు కబురు చెప్పొద్దని మా అమ్మ శాసించింది.

షావుకారు నన్ను పిలిచి, "ఆయనకి మన దాంట్లో ఖాతా ఉందా చూడు," అన్నాడు. చూశాను. పుస్తకంలో కుడి పక్కంటే ఖర్చని నాకు తెలుసు. దుకాణంలో అడిగితే దుకాణం భాషలోనే చదువుతాను. రాసేటప్పుడు కాలేజీ, చదివేటప్పుడు బజారు. "నూట ఎనభై బాకీ," అన్నాను.

మనిషి పోతే పెద్దకర్మ అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత కబురు పంపడం దుకాణాల ఆచారం. ఆస్తి చెల్లాచెదురు కాకముందే అడగాలి మరి. వడ్డీ వదిలేద్దామని షావుకారు అన్నాడు. ఆ మాట ఆయన నాలుగైదుసార్లు, నలుగురూ వినేట్టు అన్నాడు. కార్డు నేనే రాశాను. "తమ భర్తగారి ఖాతాలో నిలిచియున్న రు. 180లు" అని మొదలుపెట్టిన వాక్యం నాకు బాగా నచ్చింది. నా జీవితంలో ఉద్యోగం పేరుతో రాసిన మొదటి ఉత్తరం అదే.

ఆషాఢంలో, తుంపర పడుతున్న పూట, ఆవిడ వచ్చింది. పొట్టిగా, నల్లగా, గట్టి మనిషి. తడిసిన గోనెపట్టా అరుగు మీద పెట్టి, నాన్న కోసం లోపలికి చూసింది.

"బావగారు లేడా?"

"జ్వరం పిన్నీ. నేను ఆయన కొడుకుని," అన్నాను. నాన్నను బావగారంది కాబట్టి పిన్నే అయింది.

ఆవిడ తన ఊరు చెప్పి, కార్డు తీసి ముందు పెట్టింది. "ఇది నిజమేనా అబ్బాయ్? రెండు నెలలు పనికి బోయి ఉత్త చేతుల్తో వచ్చాడు. కూలీ ఏదంటే, జ్వరంలో ఏదేదో మాట్టాడాడు. మళ్ళా పైన ఈ అప్పేంది?"

నేను ఆవర్జా తెరిచి, ఆవిడ వైపు తిప్పి, కుడి పక్క నా వేలు పెట్టాను. "ఇదుగో, ఇక్కడుంది."

ఆవిడకు చదువు రాదు. నా వేలును కాసేపు చూసింది. "ఇది బావగారి పుస్తకమేగా?"

"ఆయనదే."

"అయితే ఉన్నట్టే," అంది.

కొంగు ముడి విప్పి డబ్బు ఇచ్చింది. పాడిగేదె అమ్మిందట. అది చాలకపోతే ఆయన ఉలులూ సుత్తులూ ఊళ్ళో ఇంకో రాతిపనివాడికి ఇచ్చేసిందట. ఇవన్నీ నేనడగలేదు, ఆవిడే చెప్పింది. డబ్బు లెక్కపెట్టి రశీదు ఇచ్చాను. ఆవిడ గోనెపట్టా నెత్తిన వేసుకుని వెళుతూ, నాతో కాదు, వానతో అన్నట్టు, "ఎవతికి పెట్టాడో," అంది. నాకు బాగా వినపడింది. పోయినవాడి సంసారం మనకెందుకని చిట్టా తీసి నూట ఎనభై జమ రాసుకున్నాను. ఆవర్జాలోనూ ఎడమ పక్క రాసి, ఖాతా తీరింది అని గీత గీశాను. అది మాత్రం సరైన పక్కే రాశాను.

భాద్రపదంలో ఆడిటరు కోసం ట్రయల్ బ్యాలెన్సు మొదలుపెట్టాను. బజారు మధ్యాహ్నం పూట నిద్రపోతుంది. ఆ వేళల్లో వారం రోజులు కూర్చుని ఖాతాలన్నీ ఎత్తాను. కుదరలేదు. మూడు వందల అరవై తేడా. మళ్ళీ కూడాను. మళ్ళీ అంతే. అలాంటప్పుడు తేడాను సస్పెన్స్ ఖాతా అని ఒకటి తెరిచి అందులో పడేయొచ్చని మా పాఠ్యపుస్తకంలో ఉంది. తప్పు దొరికాక తీసేయాలి. దొరక్కపోతే ఏం చేయాలో పుస్తకంలో లేదు. పడేశాను కూడా. రెండు రోజులు ఆ కాగితం శుభ్రంగా, అందంగా ఉంది. గుంటూరు రైలు ఎక్కడమే తరువాయి.

మూడో రోజు నన్ను నిలవనివ్వనిది నీతి కాదు, లెక్చరరు చెప్పిన ఒక చిట్కా. తేడాను సగం చేసి చూడు, ఆ సగం అంకె ఎక్కడైనా తప్పు పక్కన పడి ఉంటుంది అనేవాడు. మూడు వందల అరవైలో సగం నూట ఎనభై. నూట ఎనభై నేనెక్కడ రాశానో వెతకక్కర్లేకపోయింది. చిట్టా తీసి వైశాఖం నాటి పేజీ చూశాను. నాన్న చేతిరాత. ఎడమ పక్క. దుర్గి ఆయన, రొక్కం.

అప్పుడు నాకు సిగ్గేసింది. భయమూ వేసింది. రెండిట్లో ఏది ముందో చెప్పలేను. ఆవిడ మాట గుర్తొచ్చింది, అయితే ఉన్నట్టే అన్నది. గేదె గుర్తొచ్చింది. పోతూ పోతూ వానతో అన్న ఆ రెండో మాట గుర్తుకు రావడానికి ఇంకా కాస్త టైము పట్టింది.

ఆవర్జా చంకన పెట్టుకుని ఇంటికి పోయాను. పుస్తకం దుకాణం గడప దాటడం అదే మొదటిసారి అనుకుంటాను. నాన్న అప్పటికి లేచి తిరుగుతున్నాడు గాని పథ్యం మీదే ఉన్నాడు. ముందు మనిషి పోయిన సంగతి చెప్పాను. తర్వాత పేజీ చూపించాను. ఆయన పేజీని మడత దగ్గర వేలితో నిమిరాడు.

"ఆ డబ్బు నేనే పుచ్చుకున్నానురా," అన్నాడు. "చేతులకి రాతిపొడి ఉంటే పంచెకి తుడుచుకోని మరీ లెక్కబెట్టాడు. రైల్లో ఇంత సొమ్ముతో పోలేను, నీ కాడ ఉండనీ అన్నా అన్నాడు."

"నేను ఇంగ్లీషు పద్ధతిలో..."

"ఆ పద్ధతిలో తప్పు లేదు, ఈ పద్ధతిలోనూ తప్పు లేదు. ఆ మనిషి ఎదురుగా చదివావా?"

"వేలు పెట్టి చూపించా."

"చదవరాని మనిషికి వేలు చూపిస్తే ఏం దెలుస్తదిరా? ఎప్పుడు, ఎవరు, ఎంత, చదివితే ఆవిడ అడిగేది. వైశాఖం ఏడో రోజున ఆయన పని కాడ కూలీ తీసుకున్నాడయ్యా, ఆ రోజే అప్పెందుకు చేస్తాడూ అనేది."

తిట్టి ఉంటే బాగుండేది.

షావుకారు మంచివాడే. తప్పు తెలియగానే మూడు వందల అరవై తీసి ఇచ్చాడు. దాచుకున్నది నూట ఎనభై, ఆవిడ కట్టింది నూట ఎనభై. కాని మనిషినిచ్చి పంపిద్దామన్నాడు. బయటికి పొక్కితే దుకాణం మాట ఏమవుతుందన్నాడు. నాన్న తలకు తువ్వాలు చుట్టుకుంటూ, "రాసినోడే పోవాల," అన్నాడు. "వాడికి తోడు నేను బోతా."

ఆ ట్రయల్ బ్యాలెన్సు తర్వాత కుదిరింది, ఆడిటరు చేర్చుకున్నాడు, నేనూ కాలక్రమాన పేరు బోర్డు కట్టుకున్నాను, నా ఎదుటా షావుకార్లు చేతులు నలిపారు. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బి.కాం. చదివినవాళ్ళ కథలన్నీ దాదాపు ఒకలాగే ఉంటాయి.

మర్నాడు పొద్దున రైల్లో వెళ్ళి మాచర్లలో దిగి, అక్కడ ఒంటెద్దు బండి మాట్లాడుకుని దుర్గి వెళ్ళాం. ముందురోజు వానకు దారి మెత్తబడి ఉంది. నాన్న బండిలో గడ్డి మీద ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. నేను ఖాతా నకలు జేబులో పెట్టుకున్నాను. బయల్దేరే ముందు నాన్న నా చేతనే ఆవర్జాలో విరుగుడు పద్దు రాయించాడు. ఎడమ పక్క, పొరపాటు వివరంతో సహా. నా చేతిరాతలోనే ఉండాలన్నాడు.

ఆవిడ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో సగం చెక్కిన నంది, మూతి వరకే వచ్చింది, మిగతాదంతా బండ. దాని వీపు మీద ఆవిడ పిడకలు ఆరబెట్టింది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని, చాప వేసి, నాన్న మొహంలోకి చూసింది. "ఇంత చిక్కిపొయ్యావేంది బావా?" అంది.

నాన్న నా వైపు చూశాడు. నేను కాగితం తీసి చదివాను. ఎప్పుడు, ఎవరు, ఎంత. తప్పు ఎవరిదో కూడా చదివాను, ఎందుకంటే నాన్న దాన్ని కూడా రాయించాడు. చదవడం అయ్యాక డబ్బు సంచీ ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ సంచీ వైపు చూడలేదు.

"ఇచ్చిపొయ్యాడా?" అని నాన్ననడిగింది.

"ఇచ్చిపొయ్యాడమ్మా. నా చేత్తో తీసుకున్నా."

"మొత్తం కూలీనా?"

"పైసా వాడుకోలా. రైలు చార్జీ ఉంచుకున్నాడంతే."

ఆవిడ నంది వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "మూణ్ణెల్లాయె," అంది. "ఊళ్ళో అందరి ముందరా తిట్టా బావా ఆయన్ని. తాగి తగలేశాడన్నా. పేటలో ఎవత్తెనో పెట్టుకున్నాడన్నా. మంచోడు పాపం అని ఎవరన్నా అనబోతే వాళ్ళ నోరు మూయించా. ఆయన పేరున దీపం పెట్టడం గూడా మానేశా."

నాన్న తల వంచుకున్నాడు. ఆయన అలా తల వంచడం నేను కోర్టులో కూడా చూడలేదు. "పుస్తకంలో సరిచేశామమ్మా," అన్నాడు మెల్లగా. అది ఆయనకు తెలిసిన అతి పెద్ద మాట.

"పుస్తకం పేటలో ఉంది. నేను తిట్టింది ఇక్కడ," అంది ఆవిడ. లేచి నా చేతిలోని కాగితం వైపు చూపించింది. "అబ్బాయ్, దాన్ని ఇక్కడ గాదు చదవడం. రా."

ఊరబావి నాలుగిళ్ళ అవతలే. మధ్యాహ్నం నీళ్ళ వేళ. ఏడెనిమిది మంది ఆడవాళ్ళున్నారు, చేదలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. బావి ఒరకు చుట్టూ ఉన్న బండలు బహుశా ఆయన పరిచినవే. పిన్ని వాళ్ళ మధ్యకు పోయి నిలబడి, "ఆగండే. ఈ పిల్లోడు చదివేది ఇనండి," అంది. చేదలు ఆగాయి. నాన్న డబ్బు సంచీ పట్టుకుని నా వెనకే, కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

చదివాను. కాగితం మీంచి తలెత్తలేదు. చివర్న ఉన్న ఆమె, "ఇనపడలా," అంది. మళ్ళీ మొదటి నుంచి చదివాను. వైశాఖం ఏడో రోజు, ఫలానా ఊరి ఫలానా ఆయన, తన కష్టార్జితం నూట ఎనభై రూపాయలు దుకాణంలో దాచమని ఇచ్చాడు. దాన్ని బాకీగా రాసింది నేను. ఆయన తీసుకున్నది ఏమీ లేదు. ఆయన పేర ఎడమ పక్క జమ మూడు వందల అరవై.

ఒక ముసలామె బిందె దించి, "అంటే ఆయన అప్పు చెయ్యలా?" అని అడిగింది.

"చెయ్యలేదు," అన్నాను. "దుకాణమే ఆయనకి బాకీ."

ముసలామె పిన్ని వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. పిన్ని ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చింది, అందరూ విన్నారో లేదో లెక్క చూసుకుంటున్నట్టు. బావికి అవతల కడవతో అప్పుడే వస్తున్న ఇంకొకామె కనిపించింది.

"అది ఇనలా," అంది పిన్ని. "ఇంకోసారి చదువు."

మూడోసారి చదివాను. అప్పుడు గాని ఆవిడ డబ్బు కోసం కొంగు పట్టలేదు.